నాలుగోనాటి పువ్వు

పదకొండు కాగితాలు తెచ్చిండు పండ్ల డాక్టరు నరహరి,
పట్నంల జుమేరాత్ బజార్ల బేరమాడి కొన్నయంట.
"సత్తార్ భాయ్, బంగారు పట్టీ వద్దు, సన్నటి నల్ల కట్టె చాలు.
పన్ను సలిపేటోళ్లు వీటిని చూసుకుంట కూసుంటరు."

దేవరకొండ బస్టాండు పక్క నా దుకాణం.
దేవుళ్లకు, లీడర్లకు, డిగ్రీ పట్టాలకు
నలభై ఏండ్ల సంది నాలుగు మూలలు కలుపుతున్న.
అడవి పువ్వులకు ఎన్నడు కట్టలె.

అంచు మీద బొటనవేలు నడిపిన.
రాగిరేకు ఒత్తిన గుంట,
పిండిల గిన్నె అంచు దిగిన జాడ లెక్క,
ఇన్నేండ్లకు గూడ సదును కాలె.
గీతలు వెంట్రుక కన్న సన్నం.
రంగు మాత్రం చేత్తోటి అద్దింది,
అక్కడక్కడ గీత దాటి ఒలికింది.
దినకూలి చెయ్యి అయ్యుంటది. పొద్దుగూకిందో, దీపం సాలలేదో.
పదకొండు మొక్కల ఆకులకూ ఒక్కటే పచ్చ,
గిన్నెల కలిపింది ఎండిపోకముందే ఒడగొట్టాలె గద.

ఏడో కాగితం.
రెక్కలన్ని మీదికి లేచినయి, గాలికి తిరగబడ్డ ఛత్రీ లెక్క.
ఆకుల కొసలు తీగలై దేన్నో పట్టుకోబోతున్నయి,
అక్కడ పట్టుకునేందుకు ఏం లేదు, తెల్ల కాగితమే.

కేతావత్ సాల్కి అప్పుడే వచ్చింది.
నెలకోసారి వస్తది అద్దం తునకల కోసం.
నేను కోసి పారేసిన పెచ్చులు
ఆమె కాంచళి మీద ఎండను పట్టుకొని తిరుగుతయి.
కూసొని ఏరుతున్నదల్ల తల ఎత్తి
వాళ్ల భాషల ఏదో పేరు పిలిచింది.
నా చెవికి దొరకలె.
మల్ల అడిగితె తెలుగుల చెప్పింది:
"నాగేటిగడ్డ గద భాయ్. నాలుగోనాటి పువ్వును గీసిండ్రు."

"నాలుగోనాడని ఎట్ల తెలిసె?"

"విచ్చిన నాడు కాయపచ్చ ఉంటది. తెల్లారి పసుపు.
అటెన్క కొసలకు ఎరుపు అంటుకుంటది.
నాలుగోనాడు గిట్ల, మొదట్ల గింత పసుపు, మీదంత మంట.
ఇంకో నాడైతె మొత్తం ఎరుపే. ఇగ రాలుడే."

రంగులద్దిన చెయ్యి దీన్ని అడివిల చూసిందో లేదో.
సముద్రం అవతల ఏ అర్రల కూసొని
ఈడ ఎరుపు, ఈడ పసుపు అని ఎవలో రాసిచ్చిన చిట్టీ చూసి అద్దిందో.
ఆ చిట్టీల ఒక దినం చిక్కుకున్నది.
సాల్కి దాన్ని లెక్కవెట్టింది, మాపటికి మేకల్ని లెక్కవెట్టినట్టు.

"మరి గడ్డ ఏది?"

"ఏం గడ్డ?"

"నూరి బొడ్డు మీద పూస్తె బిడ్డ దిగుతదనేటోళ్లు మా ముసలోళ్లు.
నోట్లె పడితె మనిషి పోతడు.
గడ్డ చూపియ్యకుంట పువ్వు చూపిచ్చుడేంది?"

మౌంటు అట్ట లేపిన.
డాక్టరు గోడ కొలతకని కింద నాలుగు అంగుళాలు నేనే కప్పిన.

ఉన్నది.
కర్రు లెక్క వంగిన గడ్డ,
ఉత్త నల్లగీతలు, రంగు అంటలె.
కూలి పువ్వు దాకనే ముట్టిందేమో.

ముట్టుకుంటదని మీద అద్దం పరిచిన, సిగ్గు లేకుంట.
ఆమె వంగి, "ఆఁ" అని, అద్దం మీద వేలు పెట్టింది,
సరిగ్గ గడ్డ మీద.
పొద్దున చెల్కల కలుపు తీసి వచ్చిన వేలు.
తునకలు కొంగుల కట్టుకొని, పది రూపాయలు బల్ల మీద పెట్టి పోయింది.
నేనెన్నడు అడగ. ఆమె ఎన్నడు మానదు.

అట్ట మల్ల కోసిన. కట్టె మల్ల కోసిన.
అద్దం పొడుగు కోసిన గని ఆ ఎర్రమట్టి ముద్ర
తుడవ బుద్ధి కాలె.

డాక్టరు వచ్చి జేబురుమాలు తీసి తనే తుడిచిండు.
"ఇదొక్కటే ఇంత పొడుగేంది?"
"కింద గడ్డ ఉన్నది సారూ."
దినాం పంటి వేరు దాక చూసేటి మనిషి,
"గడ్డ ఎవలు చూస్తరు భాయ్" అన్నడు.

కట్టెకు, అద్దానికి నూటిరవై ఎక్కువైందన్న.
పదకొండిటికీ ఒక్కటే రేటన్నడు.